నర్సయ్య మామ కోయనివ్వని చద్దరు

1937 ఫిబ్రవరి 14, ఆదివారం. హాజరు: నర్సయ్య మామ, ఆయన భార్య లచ్చవ్వ అత్త, నేను. మగ్గం మీద నేత ముగిసిన చద్దరు ఒకటి.

నా పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఈ ఉదయం పక్కింటివాళ్ళు వీధిలో పడుగు పోగులు సాగదీసి గంజి పెడుతుంటే ఆ పులిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆ డైరీ వెతికి తీశాను. నర్సయ్య మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, గుర్తు రాగానే విసుగు కూడా వచ్చింది. ఆయన్ని ఎరగని మీకు ఆ విసుగును పక్కన పెట్టి ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

సోలాపూర్ నేతవాడలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య గోడ ఒకటే. బంధుత్వం ఏమీ లేదు, వరస కలుపుకున్నాం. రెండిళ్ళవాళ్ళమూ కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళమే. జకార్డు మగ్గం మీద ఆయనంత పనిమంతుడు వాడలో లేడు. ఆ మగ్గానికి పైన అట్టల దండ వేలాడుతుంది. నేతలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. అట్టలో కొట్టిన చిల్లులను బట్టి పోగులు లేచి కింద పువ్వో పిట్టో పడుతుంది. గళ్ళ కాగితం మీద బొమ్మ గీయడం, దాన్ని అట్టల మీద చిల్లులుగా కొట్టడం, అట్టలను వరుసగా కుట్టడం, ఈ మూడు పనులూ నాకు ఆయనే నేర్పాడు. పందొమ్మిదేళ్ళ వయసులో నన్ను తన రెండో మగ్గం మీద కూర్చోబెట్టాడు. ప్రతిఫలంగా ఏమీ అడగలేదు, నా ఓపిక తప్ప.

ఆయన ఏదీ పూర్తి చేయడు. ఇంటికి గుమ్మం బిగించాడు గాని తలుపు పెట్టలేదు. అక్కడ చద్దరు వేలాడేది. దసరాకు కావాలని ఓ సేటు అడిగిన నమూనా హోళీ నాడు కూడా మగ్గం మీదే ఉంది. అప్పటికి ఆ సేటు పక్క గల్లీలో మరొకరి దగ్గర చద్దర్లు నేయించుకుంటున్నాడు. లచ్చవ్వ అత్త బీడీలు చుడుతూనే వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "పెండ్లిల ఒక ముడేసి ఆగిండమ్మా. ముడి సక్కగ పడలేదట! అయ్యగారు గదమాయిస్తె మిగిలిన రెండు ఏసిండు. లేకుంటె నేనియ్యాల్టికి సగం పెండ్లి దాన్నే."

నా డైరీల అలవాటు కూడా ఆయన పుణ్యమే. మొన్న ఎర్ర అంచు అన్నాడు, నిన్న నీలం అన్నాడు, ఈ రోజు "నీలం ఎవడు పెట్టమన్నడురా?" అని నా మీదే ఎగిరాడు. ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం కొన్నాను. తేదీ, అక్కడ ఉన్నవాళ్ళ పేర్లు, ఆయన అన్న మాట రాసేవాణ్ణి. మరుసటి వారం అది తీసి చదివి వినిపిస్తే మామ శ్రద్ధగా విన్నాడు. "మంచిగ రాసినవ్ రా. గని ఆ రోజు నాకు ఇంత తెలివి లేకుండె," అన్నాడు. అలాంటి మనిషితో ఎవరు వాదించగలరు?

1936 చివర్లో ఊళ్ళోని నేత బడిలో డిజైన్ల సహాయకుడి ఉద్యోగం పడింది. ఆ కబురు తెచ్చింది కూడా మామే. సొంత బొమ్మతో, సొంత చేతులతో నేసిన చద్దరు ఒకటి, మగ్గం మీంచి దించి, ఫిబ్రవరి పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు తెచ్చి చూపించాలి. నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. మా నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని అలాగే ముసలివాడయ్యాడు. బల్ల ముందు కూర్చుని బొమ్మలు గీసే పని నాలాంటివాడికి దొరుకుతుందని అంతకుముందు ఎవరూ అనలేదు. ఈ ఉద్యోగం సంపాదించి తీరాలని డైరీలో రాసుకున్నాను. తెల్ల నేల మీద ఇరవైనాలుగు పచ్చ చిలకలు గీశాను. గడువుకు రెండు నెలల ముందే మగ్గమెక్కాను.

జకార్డులో బట్ట ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి వెనకవైపే కనబడుతుంది. మామ రోజూ సాయంత్రం చేతి అద్దం పట్టుకుని మగ్గం కింద దూరేవాడు. మొదటిసారి చిలక ముక్కు లావైందని జానెడు విప్పించాడు. రెండోసారి తోకలో ప్రాణం లేదని మూరకు పైగా విప్పించి, అట్టల దండ మొత్తం ఊడదీయించాడు. నేసిన పేకను పోగు పోగుగా వెనక్కి లాగుతుంటే నా వేళ్ళకంటే బిగపట్టిన పళ్ళే ఎక్కువ నొప్పి పుట్టేవి. ఆయన చెప్పింది రెండుసార్లూ నిజమే. అదే ఇంకా మంట.

దానికితోడు మా వాడలో ఒక ఆనవాయితీ ఉండేది. నేసింది ఎవరైనా, బట్టను కోసేది మగ్గం యజమానే. ఇల్లాలు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టాక ఆయన కోస్తాడు. మగ్గం ఖాళీగా ఉండకూడదని, మిగిలిన పోగులకు కొత్త పడుగు అతుకుతారు. అంటే చద్దరు నాదైనా దాని ముగింపు మామ చేతిలో ఉంది. ఆయన చేతిలో ఏం ముగుస్తుంది?

ఫిబ్రవరి మొదట్లో ఆయన స్వగ్రామంలో పెళ్ళికి వెళ్ళాడు. ఆ పది రోజులు నేసినంత ప్రశాంతంగా నా జీవితంలో ఎప్పుడూ నేయలేదు. అట్టల దండ మళ్ళీ కుట్టి, మొదటి వరుస నుంచి మొదలుపెట్టి, ఆదివారం పొద్దుటికి చివరి చిలక కూడా ముగించాను. మధ్యాహ్నం మామ రైలు దిగి వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే, అద్దం తీసుకుని మగ్గం కిందికి దూరాడు.

"అంబాదాసూ, చిలుక కన్ను ఏడున్నదిరా?"

"తలల ఉన్నది మామా."

"తలల లేదు. మెడ ఎన్కకు పోయింది. వచ్చి సూడు."

దూరి చూశాను. కన్ను పడే వరుసకు ముప్పై ఏడో అట్ట. దాన్ని కుట్టేటప్పుడు ఎడమ కొసను కుడివైపుకు పెట్టాను. ఆ ఒక్క వరుస తారుమారైంది. ప్రతి చిలకకూ అవే అట్టలు తిరుగుతాయి కాబట్టి ఇరవైనాలుగు చిలకలకూ కన్ను మెడ వెనక పడింది. తప్పు పూర్తిగా నాదే.

"ఇప్పు," అన్నాడు మామ బయటికి వచ్చి. "మొత్తం ఇప్పు. మల్ల నేద్దాం."

"రేపు పదింటికి చూపెట్టాలె మామా."

"మంచిగైనంక చూపెట్టు. బడి యాడికన్న పోతదా?"

"బడి పోదు, నౌకరీ పోతది."

"గీ చిలుకల పట్కపోతె నర్సయ్య శిష్యుని పిట్టలు ఎన్కకేలి చూస్తయట అని లోకమంత నవ్వుతది!"

గడప మీద బీడీ ఆకు కత్తిరిస్తున్న లచ్చవ్వ అత్త తల ఎత్తింది. "నవ్వనియ్యి. నీ చద్దరు చూసి ఎవ్వలన్న నవ్విన్రా? చూస్తెనే గద నవ్వుడు."

అత్త నావైపు తిరిగింది. "పన్నెండేండ్ల కింద ఈయన గూడ గీ బడికే పోతనన్నడు బిడ్డా. నల్లకోటు కుట్టిచ్చుకున్నడు. చద్దరు ఇంక జర మంచిగ కావాలె, ఇంక జర మంచిగ కావాలె అనుకుంట తారీకు దాటిచ్చిండు. నువ్వు గూడ ఈయన పక్కపొంటి కూసుంటవా?"

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మూడేళ్ళు ఆయన మాటలన్నీ రాసుకున్నాను, ఇది ఒక్కటి లేదు. అత్త లేచి మగ్గానికి పసుపు కుంకుమ పెట్టింది. ఆకు కత్తిరించే కత్తెరను మామ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని పడుగు వైపు వంగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. అంచు దగ్గర ఒక పోగు సర్దాడు.

"పొద్దుగాల కోస్త," అన్నాడు.

ఆయన చేతిలోంచి కత్తెర లాక్కున్నాను. పెద్దవాళ్ళ చేతిలోంచి నేను లాక్కున్న వస్తువు అదొక్కటే. కోశాను. మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. డైరీలో "మూడు గంటలు. కోశాను" అని మాత్రమే ఉంది.

తర్వాత ముప్పై ఏళ్ళు డిజైన్ల పనే చేశాను. ఇప్పటికీ కొట్లో తువ్వాలు కొంటే ముందు తిరగేసి చూస్తాను. కొట్టువాడు మొహం చిట్లిస్తాడు. ఆ చూపు మామ పెట్టిందే. నేను చేసిన ప్రతి పనిలోనూ ఒక తప్పు నాకు ముందే కనబడేది. చెప్పిన రోజుకు, ఆ తప్పు ఎక్కడుందో కాగితం మీద రాసి, పని అప్పగించేవాణ్ణి. ఇది ఆయన నేర్పలేదు. ఆయన మీద కోపంతో నేర్చుకున్నాను. ఈ రెంటిలో ఏది లేకపోయినా నేను పనికి రాకపోయేవాణ్ణి.

సోమవారం ఉదయం చద్దరు మడిచి బయలుదేరాను. కొంతం చౌక్ దాటాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మామ. ఒంటి మీద నల్లకోటు. పన్నెండేళ్ళ మడతలు అలాగే ఉన్నాయి, పొట్ట దగ్గర బొత్తాం అందడం లేదు.

"నీ ఎంబడి వస్తలేను," అన్నాడు. "నాకు ఇటుదిక్కు పనున్నది."

బడిలో పరీక్ష చేసేది ఒక మరాఠీ మాస్టరు. ఆయన చద్దరు బల్ల మీద పరిచారు. తప్పు గురించి చెప్పాల్సిన మాటలు నేను ముందే రాసి పెట్టుకున్నాను. నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి మామ అరిచాడు: "సాహెబ్, చూక్ మాఝీ ఆహే! తప్పు నాది!"

మాస్టరు కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశారు. "మగ హే కామ్ కోణాచం?" మరి ఈ పని ఎవరిది?

సొంత చేతులతో నేసిందే తేవాలన్నది షరతు. నా మీద ప్రేమతో మామ నా ఉద్యోగానికి నీళ్ళొదిలేలా ఉన్నాడు.

"పని నాదే సార్. తప్పూ నాదే," అన్నాను మరాఠీలో. "ముప్పై ఏడో అట్ట తిరగేసి కుట్టాను. అప్పుడు ఈయన ఊళ్ళోనే లేడు."

మాస్టరు ఒక ఖాళీ అట్ట, చిల్లులు కొట్టే ఉలి, సుత్తి నా ముందుకు తోశారు. నా గళ్ళ కాగితం విప్పి ఆ ఒక్క వరుసా కొట్టాను. మామ ఎప్పుడు లోపలికి వచ్చాడో, నా భుజం మీంచి వంగాడు.

"మూడో బొక్క జర పక్కకు పోయింది. ఇంకోటి కొట్టు."

నిజమే, వెంట్రుకవాసి పోయింది. ఆయన చెయ్యి అట్ట కోసం చాచాడు. దానికంటే ముందే అట్టను మాస్టరుకు ఇచ్చేశాను.

"అయింది సార్. మూడో చిల్లు కొంచెం పక్కకు పోయింది, పోగు లేవడానికి అడ్డం కాదు."

మాస్టరు అట్టను వెలుతురుకు ఎత్తి చూశారు. చద్దరు మీద చిలకనూ చూశారు. రిజిస్టరు తెరిచి నా పేరు రాసుకుని, ఎప్పుడు చేరతావని అడిగారు.

"ముందుగాల ఆ చిలుకల కండ్లు సక్కగ చేస్తడు, అటెన్క వస్తడు," అన్నాడు మామ, చద్దరు మడిచి చంకలో పెట్టుకోబోతూ.

"అది ఇక్కడే ఉంటుంది," అన్నారు మాస్టరు.

మామ ఖాళీ చేతులతో కోటు సర్దుకుంటూ గుమ్మంలో కొంతసేపు నిలబడ్డాడు. నేను అప్పటికే "ఈ రోజే సార్" అని, బల్ల ముందు కూర్చుని రెండో అట్ట అందుకున్నాను.