పేరు గీకేసిన ప్లేటు

ఆల్టమాంట్ ప్యూజీ కాలు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. డెబ్బై ఆరేళ్లొచ్చినా, కింగ్‌స్టన్‌లో ఒక బీద పేటలో, తన రేకుల కంచె వాకిట్లో పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. ఇప్పుడు దానికో కారణం కూడా ఉంది. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే తన చెవుడు బయటపడుతుందని భయం. నలభై ఏళ్లు స్పీకర్ల ముందు నిలబడ్డ చెవులు, ఇంకేం మిగులుతాయి!

ఆ స్పీకర్లూ ఆయన చేతి పనే. వృత్తికి వడ్రంగి. బీరువాలు చేయడం మానేసి, బీరువాలంత స్పీకరు డబ్బాలు చేసి, ‘జూడా గర్జన’ అని పేరు పెట్టి, లారీ మీద ఊరూరా తిప్పాడు. రేడియో గడప తొక్కనివ్వని పాటలు, ఆకలి పాటలు, ‘జా’ అని దేవుణ్ణి పిలిచే పాటలు ఆ పేటలో మొట్టమొదట నడివీధిలో మోగించిన మొనగాడు. బాస్ మోగితే పక్క సందులో గిన్నెలు గలగలమనేవి.

మొనగాడే గానీ గుట్టు మనిషి. స్టూడియోలో తనకోసమే పాట కోయించుకున్న గ్రామఫోను ప్లేటులో ఎవరు పాడారో, తనలాగే స్పీకర్లు తిప్పే పోటీ వాళ్లకు తెలియకూడదని, ప్రతి ప్లేటు మీదా పేరు కాగితం మేకుతో గీకేసేవాడు. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే. “నా చెవి ఉండగా రాతలెందుకు?” అని రొమ్ము విరుచుకునేవాడు. అలా మూడు వందల ప్లేట్లు పోగయ్యాయి. ఇప్పుడు ఆ చెవీ లేదు, రాతా లేదు.

ఒక మంగళవారం పొద్దున ఐసిల్డా వచ్చింది.

“ఆల్టీ అన్నా, నేను రాన్స్‌ఫర్డ్ చెల్లెల్ని.”

పెదాల మీద ఆ పేరు చదవగానే ఆల్టీకి గుండె జారింది. అప్పట్లో ఇరవై ఏళ్ల చేపల పడవ కుర్రాడు. జూడా గర్జనకు ఒకే ఒక్క పాట పాడాడు. నెల తిరక్కుండా సముద్రం మింగేసింది.

“మా అమ్మ చర్చి మనిషి. నీ స్పీకర్ల డాన్సు వైపు చూస్తే కాళ్లు విరగ్గొట్టేది. వాడి పాట నేను ఒక్కసారీ వినలేదన్నా. నాకు అరవై దగ్గర పడుతోంది, వాడి గొంతే మర్చిపోయాను. అదొక్కటి వినిపించు.”

“ఇవాళ కరెంటు సరిగ్గా లేదు. రేపు రా.”

“రేపు రేపనుకుంటూనే నలభై ఏళ్లు గడిపాను. కదలను.” పీట లాక్కుని కూర్చుంది.

ఇక తప్పలేదు. ఒక్కో ప్లేటూ పెడుతూ, దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ అదురు తెలియడానికి డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. పదో ప్లేటుకు ఆమె లేచి ముందుకొచ్చింది.

“నీకు వినపడదు కదూ?”

“ఎవడు కూశాడు?”

“కుక్క నీ చెప్పు ఎత్తుకుపోతోందని ఇందాకట్నుంచీ గొంతు చించుకుంటున్నా!”

ఆయన ముఖం మాడిపోయింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. “ఎవరికీ చెప్పకమ్మా.”

“ఎవరికి చెబుతాను గానీ, ప్లేటు పెట్టు.”

మధ్యాహ్నానికి, డెబ్బయ్యో ప్లేటు దగ్గర, అరచేతి కింద తనకు తెలిసిన బాస్ తగిలింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ, మళ్లీ రెండు దెబ్బలు.

“ఇదే! వీడే!” అని ఎగిరి గంతేశాడు. తిరిగి చూస్తే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అన్నా, బాస్ ఉంది. గొంతు లేదు. వట్టి గరగర.”

ఆల్టీ కూలబడ్డాడు. ఆ ప్లేట్ల పూత మెత్తన, ముల్లు తగిలినకొద్దీ అరుగుతుంది. పాట జనానికి నచ్చితే కంచె రేకులు దబదబా బాదుతారు. బాదితే ముల్లెత్తి మళ్లీ మొదటినుంచి వెయ్యాలి, అది మర్యాద. ఈ పాటకైతే ఒక్క డాన్సులో పదిసార్లు బాదేవారు.

“నేనే అరగదీశాను చెల్లెమ్మా. గెలుపు పిచ్చిలో నీ అన్న గొంతు నేనే తినేశాను,” అంటూ ముల్లెత్తబోయాడు.

ఆమె చెయ్యి పట్టుకుంది. “ఉండు. ఉండన్నా!”

ముల్లు చివరి చరణంలోకి వెళ్లింది. ఏ డాన్సులోనూ జనం అక్కడిదాకా పోనివ్వలేదు. కోయించిన రోజున తొందరపడి, సగం పాటకే లారీ ఎక్కిన ఆల్టీ కూడా అది వినలేదు. ఐసిల్డా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు ధారలు కట్టాయి.

“ఏమంటున్నాడు? చెప్పు తల్లీ, నా ప్రాణం పోతోంది!”

“పేరు చెబుతున్నాడన్నా. ‘పాడిందెవరని అడిగితే చెప్పండి, రాన్స్‌ఫర్డ్ గేల్, మిస్ ఈవా కొడుకు, మొరాంట్ రేవు వాడు’ అంటున్నాడు.”

పాట అయిపోయింది. ఆల్టీ ముల్లెత్తి పక్కన పెట్టాడు.

“ఇంకొక్కసారి వెయ్యన్నా.”

“వద్దమ్మా. ఆ కాస్తా అరిగిపోతుంది.”

వడ్రంగం పెన్సిలు తెచ్చి, గీకేసిన చోట రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, ఆమె పెదాల వైపు చూశాడు. “ఇంటిపేరు మళ్లీ చెప్పు, మెల్లగా.”

ఆమె చెప్పింది. ఆయన రాశాడు. పక్కన పెట్టెల్లో ఇంకా రెండు వందల ముప్పై ప్లేట్లున్నాయి. వాటిలో పాడినవాళ్ల కోసం ఎవరూ రాలేదు.