పైపుకు పిండికట్టు

ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి రాజూ మంత్రీ కూడా ఆయనే. విరిగిన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఆయన కబుర్లకు నవ్వలేక, ఏడవలేక బయటికి వెళ్ళేవాళ్ళు. అందరూ ఆయన్ని కట్ల బాబాయి అనేవారు. బాబాయి వయసు రాకముందే ఆ పేరు వచ్చింది. వయసు తర్వాత తీరిగ్గా వచ్చి పేరుకు సరిపోయింది.

కట్టు కట్టడమంటే ఆయనకు మహా మురిపెం. దూది పరిచి, పిండిపట్టీ నీళ్ళలో ముంచి, పొరమీద పొర చుట్టి, అరచేత్తో నిమిరి, రెండడుగులు వెనక్కి జరిగి తల వాల్చి చూసుకునేవాడు. "దీన్ని విప్పించుకునే రోజున నువ్వే ఏడుస్తావు చూడు" అనేవాడు రోగితో.

ఆయన భార్యది లాండ్రీ షాపు. ఇంటి ముందు గదిలో ఇస్త్రీ బల్ల, పెరట్లో దండేలు. ఆసుపత్రికి సెలవున్న రోజున షాపులో గిరాకీ, షాపు మూసిన రోజున ఆసుపత్రిలో రద్దీ. ఇద్దరూ కలిసి ఊరు దాటిన పాపాన పోలేదు. అందుకే ఉద్యోగం ఆఖరి ఏడాదిలో పడగానే కట్ల బాబాయి ఎవరితోనూ చెప్పకుండా పెద్ద మోటార్‌సైకిలు కొనుక్కొచ్చాడు. దూరప్రయాణాల బండి. ముందు అద్దపు తెర, రెండువైపులా సామాను పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళు వీపు ఆనించుకోవడానికి మెత్త. పాతదే కానీ గేదెలా నిగనిగలాడుతోంది.

భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "దీనికి గడ్డెక్కడ దొరుకుతుందండీ?"

"వెక్కిరించకు. కొండమీదికి పోదామే. అక్కడ మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయట."

ముందు ఊరిచివర వంతెన దాకా వెళ్ళొద్దామని ఒక ఆదివారం బయల్దేరారు. దారిలో ఆవిడ ముక్కెగరేసింది. "ఎవరో రబ్బరు కాలుస్తున్నారండీ."

"ఫ్యాక్టరీలు కదా, అలాగే ఉంటుంది" అన్నాడాయన హుషారుగా.

వంతెన దగ్గర బండి ఆగింది. ఆవిడ కుడికాలు కిందపెట్టింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. అది సైలెన్సర్ పైపుకు అట్టులా అంటుకుపోయి సన్నగా పొగలు కక్కుతోంది. చెప్పు ఊడిందేమిటా అని వంగేసరికి పిక్క కూడా పైపుకు తగిలి చుర్రుమంది.

"అమ్మా!" అని ఎగిరి గంతేసింది. ఆయన కంగారుగా సీసాలో నీళ్ళన్నీ పిక్కమీద ధారగా పోశాడు. మంట కాస్త తగ్గాక ఆవిడకు మాటలు వచ్చాయి.

"పొద్దస్తమానం ఇస్త్రీపెట్టెతో కాపురం చేస్తాను. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. మీతో సరదాగా షికారుకొస్తే కాలు కాల్చారు!"

అటుగా వచ్చిన బస్సు ఆపి, ఒంటి చెప్పుతోనే ఎక్కేసింది. కట్ల బాబాయి బండేసుకుని బస్సు వెంటపడ్డాడు. ఆగిన ప్రతి స్టాపులోనూ కిటికీ పక్కకి వచ్చి, "దిగవే, మెల్లగా పోనిస్తా" అని బతిమాలాడు.

పక్కసీటు పెద్దావిడకు ఆసక్తి ఆగలేదు. "ఎవరమ్మా ఆయన?"

"ఎవరో. నాకు తెలీదు."

దాంతో బస్సంతా ఏకమై ఆయన్ని తిట్టిపోసింది. తర్వాతి స్టాపులో కండక్టరు దిగి వచ్చి, "పెద్దమనిషివి, సిగ్గులేదా?" అని కూడా అన్నాడు. ఇంటికొచ్చాక ఆయన ఆ మాట తలుచుకుని ఉడుక్కుంటే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది కానీ మాట మాత్రం ఖరాఖండీగా చెప్పేసింది. "ఆ గొట్టం వేడి తగ్గేదాకా నేను ఆ బండెక్కను."

మర్నాడు ఆవిడ తమ్ముడు వచ్చాడు. మెకానిక్కు. బండి స్టార్టు చేసి, చెవొగ్గి విని, పైపు రంగు చూశాడు.

"బావా, ఇంజన్లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతోంది. అందుకే ఇంతలా కాలుతోంది." కార్బురేటర్ విప్పి, కడిగి, సరిచేశాడు. వేడి కొంత తగ్గింది కానీ చెయ్యి పెట్టేంత కాదు. "మిగతాదానికి పైపు చుట్టూ పట్టీ చుట్టాలి. నేను తెచ్చి కడతాలే."

"కడతావా? నువ్వా?" కట్ల బాబాయి మొహం జేవురించింది. "పట్టీ కట్టడం నాకు నేర్పుతావా?"

"అది వేరే పట్టీ బావా..."

ఆయన చెవిన వేసుకోలేదు. ఆ సాయంత్రమే పిండిపట్టీలు, దూది కొనుక్కొచ్చి పెరట్లో కూర్చున్నాడు. పైపుకు మెత్తగా దూది పరిచాడు. మీద పిండికట్టు కట్టాడు. వంపు దగ్గర మడమకు కట్టినట్టే ఎనిమిది అంకె వేసి తిప్పాడు. నిమిరాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఆయన చేతుల్లోంచి అంత ముచ్చటైన కాలు ఎప్పుడూ బయటికి రాలేదు.

రెండు రోజులు ఆరనిచ్చి, భార్యను పిలిచి బండి స్టార్టు చేశాడు. కాసేపు ఏమీ కాలేదు. ఆయన మీసం మెలేశాడు. తర్వాత కట్టు లోపల్నుంచి సన్నగా పొగ మొదలైంది. దూది అంటుకుంది.

గోడకవతల ఫైరింజను మామ ఉంటాడు. అగ్నిమాపక శాఖలో చేసి రిటైరయ్యాడు. వీధిలో ఎవరిల్లయినా అంటుకోకపోతుందా అని గోడవారన నీళ్ళ బకెట్లు వరసగా పెట్టుకుని కూర్చునే మనిషి. పొగ కనిపించగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"తప్పుకోండి!" అని కేకపెట్టి గోడమీంచి బకెట్టు కుమ్మరించాడు. సలసల కాగుతున్న కట్టుమీద చన్నీళ్ళు పడ్డాయి. కట్టు ఫట్‌మని పగిలింది. ఒక పెంకు వెళ్ళి పూలకుండీలో పడింది. తెల్లటి పిండీ, నల్లటి మసీ కలిసిన ఆవిరి మెల్లగా లేచి, దండెం మీద ఆరుతున్న ఖాతాదార్ల తెల్లచొక్కాల మీదికి వెళ్ళి, అక్కడే స్థిరపడింది.

భార్య చొక్కాలకేసీ ఆయనకేసీ మార్చి మార్చి చూసింది. ఫైరింజను మామ మాత్రం, "ఇంకో బకెట్టు ఉంది, పొయ్యమంటారా?" అన్నాడు.

చొక్కాలన్నీ కట్ల బాబాయే ఉతికాడు. కాలర్లు రుద్దుతుంటే భార్య కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది. "ఆ చంక దగ్గర ఇంకా నలుపుందండీ" అంటూ వేలుపెట్టి చూపించింది.

అవి ఆరాక ఆయన బావమరిది షెడ్డుకు వెళ్ళాడు. "ఆ పట్టీ ఏదో ఇవ్వరా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అది గాజు నారతో నేసిన పట్టీ. ఎంత వేడికైనా అంటుకోదు. "నీళ్ళలో నానబెట్టి, బిగుతుగా, సగం మీద సగం పడేలా చుట్టు. చివర్లు స్టీలు క్లిప్పులతో బిగించు. చేతులకు గ్లోవ్స్ వేసుకో, నార గుచ్చుకుంటుంది" అన్నాడు బావమరిది. గ్లోవ్స్ వేసుకుంటే చేతికి కట్టు తెలియదని కట్ల బాబాయి వాటిని పక్కన పడేశాడు. కట్టు మాత్రం అద్భుతంగా కుదిరింది. ఆ వారమంతా ఆసుపత్రిలో ఆయనా రోగులూ కలిసి గోక్కున్నారు. రోగులకు కట్టు లోపల దురద, ఆయనకు మోచేతుల దాకా.

"పట్టీ ఒక్కటే చాలదు" అంది భార్య. "మీద రేకు వెయ్యండి. పైపుకు ఆనకుండా మధ్యలో గాలి ఆడేలా. ఇస్త్రీపెట్టె పిడి అలాగే కదా ఉంటుంది." తమ్ముడు చిల్లుల రేకు వంచి తెచ్చి, వేలెడు సందు వదిలి బిగించాడు.

మొదటిసారి స్టార్టు చేస్తే మళ్ళీ పొగ లేచింది. గోడమీద బకెట్టు ప్రత్యక్షమైంది.

"వద్దు మామా! ఇది తడి ఆరే పొగ!"

"పొగ పొగే కదయ్యా."

"కాసేపాగితే అదే పోతుంది!"

పోయింది. ఫైరింజను మామ బకెట్టు దించుకుని, చాలా నిరాశగా లోపలికి వెళ్ళాడు. బండిని వీధులన్నీ తిప్పి తెచ్చాక, ఇస్త్రీపెట్టెను పరీక్షించినట్టే భార్య వేలు తడిచేసుకుని రేకుమీద పెట్టింది. చుయ్యిమనలేదు. ఇంకోసారి పెట్టింది. తర్వాత అరచెయ్యి పెట్టింది. నేరుగా లోపలికి వెళ్ళి సంచీ సర్దుకుంది.

కొండ కింద చెక్‌పోస్టు దగ్గర కాపలాదారు రేకు చిల్లుల్లోంచి కనిపిస్తున్న పైపు కట్టును వంగి చూశాడు. "పాపం, ఎక్కడ పడింది సార్?"

"పడలేదు, బెణికింది" అన్నాడు కట్ల బాబాయి గంభీరంగా. "ఎక్కువ నడిపించొద్దన్నారు."

కాపలాదారు జాలిగా గేటెత్తాడు. వెనక సీట్లో భార్య ఆయన భుజంలో మొహం దాచుకుని నవ్వింది.

పైకి వెళ్ళేకొద్దీ చలి పెరిగింది. దారి మలుపులు తిరిగింది, మబ్బు రోడ్డుమీదికే వచ్చింది. సగం దూరంలో ఆవిడ వీపుమీద తట్టింది. "ఏమండీ, కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. కాస్త వెచ్చదనం మిగల్చాల్సింది కదండీ ఆ గొట్టానికి!"

కట్ల బాబాయికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బండి పక్కకి ఆపి, తన బూట్లు విప్పి, మేజోళ్ళు తీసి, రోడ్డుమీదే మోకాళ్ళమీద కూర్చుని ఆవిడ కాళ్ళకు తొడిగాడు. ఆయనవి పెద్దవి కావడంతో మడమ భాగం పిక్కమీదికి వచ్చి కూర్చుంది.

"ఎలా ఉన్నాయి?"

ఆవిడ కాళ్ళు చాచి చూసుకుంది. "వాసనొస్తున్నాయి" అంది. "పోనివ్వండి, చీకటి పడకముందే పైకి చేరాలి."