మాధవయ్య సెట్టి అంగట్లో జాజ్ సెట్టు

నంద్యాల మాధవయ్య సెట్టి వాయిద్యాల అంగట్లో, అడిగినవాడికి అడిగింది దొరికిన పాపాన పోలేదు. డోలు అడిగితే డోలక్ చేతిలో పెట్టేవాడు. డోలక్ అడిగితే కంజీర. కంజీర అడిగినవాడిని ఎగాదిగా చూసి, "ముందు చప్పట్లు నేర్చుకో పో" అనేవాడు.

ఎవరొచ్చినా ముందు బల్ల మీద దరువు వేయించి, పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టి కళ్లు మూసుకుని వినేవాడు. ఆఖరికి, "నీ చేతికి ఇది ఎక్కువప్పా" అని తేల్చేవాడు.

పగిడ్యాల నుంచి ఒక రెడ్డి బండి కట్టుకుని వచ్చాడు. "మా భజన ఊరంతా అదిరిపోవాల. అన్నిటికంటే పెద్దది తియ్" అన్నాడు. దరువు విన్న సెట్టి ఒక జత చిడతలు ఇచ్చాడు.

"ఏందిది?"

"నీ డోలు."

"నన్నెవరనుకుంటాండావ్ సెట్టీ?"

"నువ్వెవరో నాకు తెల్సు రెడ్డీ. నీ చేతికే తెల్దు."

రెడ్డి తిట్టుకుంటూ పోయాడు. చిడతలు మాత్రం తీసుకునే పోయాడు.

"వాయించలేనోడు కొంటే అది గోడకెక్కుతాది. గోడకెక్కిన డోలు ఇంట్లో శవంతో సమానం" అనేవాడు సెట్టి.

"ఆ శవాలన్నీ మన గోడకే వేలాడతాండాయి గదా!" అని భార్య ఉమామహేశ్వరమ్మ తల కొట్టుకునేది. వాటిలో అన్నిటికంటే పెద్దది మద్రాసు నుంచి తెప్పించిన జాజ్ సెట్టు. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము, చేత్తో కొట్టే సైడు డ్రమ్ము, పక్కనే కొయ్యకు బిగించిన ఇత్తడి తాళం. దాన్ని అడిగినవాళ్లందరూ డోలక్‌తోనో, కంజీరతోనో బయటపడ్డారు.

ఆళ్లగడ్డ పరంజ్యోతికి ఇవన్నీ తెలుసు. రాజరత్నం బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము వాయించేవాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో నంద్యాల వచ్చి పత్తి మిల్లులో కూలి చేసేవాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఆ మిల్లు యంత్రం అతని కుడిచేతి వేళ్లన్నీ నమిలేసింది. గాయం మానకముందే ఊళ్లో గత్తర తగిలి, వాంతులూ భేదులతో ఒక్కగానొక్క కూతురు పోయింది. పిల్లను మోసుకుపోతుంటే మేళం వాళ్లు ముందు నడిచి వాయించారు. పరంజ్యోతి చేతికి గుడ్డ చుట్టుకుని వెనక నడిచాడు. అతని డ్రమ్ము వేరేవాడి మెడలో ఉంది.

ఆ వానాకాలం అతను సెట్టి అంగడి మెట్లెక్కాడు.

"కంజీర ఇయ్యి సెట్టిగారూ."

"ఏం చేసుకుంటావ్?"

"డోన్ కాడ రైళ్లెక్కి అడుక్కుంటా."

అన్నాక, కంజీర అడిగినవాళ్లకు సెట్టి చెప్పే మాట గుర్తొచ్చి కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. చప్పట్లు కొట్టాలన్నా రెండు చేతులుండాలి కదా.

"దరువెయ్" అన్నాడు సెట్టి.

ఎడమచేత్తో వేశాడు. సెట్టి కళ్లు మూసుకున్నాడు, మొహం చిట్లించాడు, ఉన్నట్టుండి కిందికి చూశాడు.

"కింద నేల తొక్కుతాండే కాలు ఎవరిది?"

"నాదే. అలవాటు."

"కంజీర నీకు తక్కువప్పా."

తక్కువ అన్న మాట ఆ అంగట్లో ఎన్నడూ వినబడలేదు. ఉమామహేశ్వరమ్మ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, "ఏందీ, జ్వరమొచ్చిందా?" అని మొగుడి నుదురు తాకి చూసింది.

సెట్టి జాజ్ సెట్టు కిందికి దించాడు. "కాలికి పెద్ద డ్రమ్ము. ఎడమచేతికి చిన్నది. కుడి మణికట్టుకు తోలుపట్టీతో పుల్ల కడదాం, తాళానికి చాలు."

"నా కాడ దుడ్లు లేవు."

"నేనడిగినానా? ఇది ఈడనుంచి పోతే మా ఆమె నోరు మూతపడతాది. నాకదే లాభం."

నేర్చుకునేదాకా మాత్రం అంగడి దాటనివ్వలేదు. పరంజ్యోతి అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు, వానలు వెనకబట్టేదాకా అక్కడే వాయించాడు. "మిల్లు కూతే నయం" అని పక్క బట్టలంగడి సుబ్బయ్య చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

రాజరత్నం అతన్ని తిరిగి మేళంలోకి తీసుకున్నాడు. ఆళ్లగడ్డలో మొదటి పెళ్లి ఊరేగింపు. ఎద్దులబండి మీద జాజ్ సెట్టు, దాని వెనక పరంజ్యోతి. జనం కళ్లప్పగించి చూస్తుంటే, పిలవని పేరంటంలా బస్సు దిగి వచ్చాడు సెట్టి. పంటినొప్పి మొహంతో కాసేపు విన్నాడు. తాళం మీద దెబ్బ ఒక్కోసారి వెనకబడుతోంది. చరచరా బండెక్కి ఆ ఇత్తడి తాళం విప్పేసి, "నీ చేతికి ఇది ఎక్కువప్పా!" అని అందరికీ వినబడేలా అరిచి, దాన్ని చంకన పెట్టుకుని దిగిపోయాడు. జనం గొల్లుమన్నారు.

"సెట్టికి పిచ్చి ముదిరింది" అన్నాడు రాజరత్నం.

పరంజ్యోతి బస్సు దాకా వెంటపడ్డాడు. "నలుగురిలో నా మానం తీస్తివి గదా సెట్టిగారూ!"

సెట్టి అతని కుడి చొక్కాచేయి పైకి నెట్టాడు. తోలుపట్టీ కింద పుండు పగిలి నెత్తురు కారుతోంది. పరంజ్యోతి పొద్దుటినుంచి దాన్ని దాస్తూనే ఉన్నాడు.

"ఇది రాజరత్నం కంట్లో పడితే నిన్ను మళ్లీ ఇంటికి పంపుతాడు" అన్నాడు సెట్టి గొంతు తగ్గించి. "నాకు పిచ్చని ఊరంతా తెల్సు, నాకేం కొత్త గాదు. కాలూ, ఎడమచెయ్యీ ఆడిస్తా ఉండు. పుండు మానినాక వచ్చి తాళం తీసుకపో."

సెట్టి బస్సెక్కాడు. బస్సు కదిలింది. మొదటి గుంతలోనే సెట్టి చంకలోని తాళం ఝల్లుమంది. రెండో గుంతలో ఇంకా గట్టిగా.

మిల్లులో వేళ్లు పోయిన తర్వాత ఆ రోజే అతనికి నవ్వొచ్చింది. "సెట్టిగారూ, తాళం తప్పుతాండావ్!" అని అరిచాడు.

కిటికీలోంచి సెట్టి తల బయటికొచ్చింది. "నేను గాదప్పా, డ్రైవరు! వాని చేతికి ఈ బస్సు ఎక్కువ!"

వెనక నుంచి రాజరత్నం కేక వేస్తున్నాడు. పరంజ్యోతి చొక్కాచేయి కిందికి లాక్కుని, నవ్వుతూనే బండి వైపు పరుగెత్తాడు.