పద్నాలుగో అర్జీ

ఆ రోజుల్లో నన్ను ఎవరేమన్నా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడా పుస్తకం లేదు, అవసరమూ లేదు. అన్నీ కంఠతా ఉన్నాయి. అందులో మొదటి పేజీలన్నీ ఒకే మనిషివి, మా బొడోబాబుగారివి. (కలకత్తా ఆఫీసుల్లో హెడ్ క్లర్కుని బొడోబాబు అంటారు. దానికి మళ్లీ 'గారు' తగిలించడం నా మర్యాద. ఆ మర్యాదను ఆయన గుర్తించిన దాఖలా లేదు.) ఇవాళ నేనొక కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నానంటే అది ఆయన చలవే. ఆ మాట ముందే చెప్పేస్తే నా ఫిర్యాదులు ఎవరూ వినరని ఇన్నాళ్లూ దాచుకున్నాను.

ఖిదిర్‌పూర్‌లో ఓడల సరుకుకి కాగితాలు తయారుచేసే ఆఫీసు అది. మా తాత, నాన్న ఇద్దరూ ఆ రేవులోనే బరువులు మోశారు. మా ఇంటి మొత్తంలో కూర్చుని చేసే పని దొరికింది నాకే మొదట. అదీ మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్న ఉద్యోగం. అమ్మ మాత్రం వీధంతా "మావోడు కంప్యూటర్లకి ఆఫీసరు" అని చాటేసింది. ఏడు కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. "శనివారం సాయంత్రానికి ఏడూ నడవాలి, లేదంటే సోమవారం రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు, టీ తాగుతూ. (నాకు ఇవ్వలేదు.)

ఎక్కించడం ఎంతసేపు! అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌తో తెరిస్తే బ్రహ్మాండంగా నడిచేది. క్లర్కు దీదీ తన పేరుతో తెరవగానే ఎర్రగుర్తుతో ఓ కబురొచ్చేది: ఫలానా ఫోల్డర్‌లో రాయడానికి మీకు అనుమతి లేదు. "ఖుల్‌ఛే నా, భాయ్!" తెరుచుకోవట్లేదయ్యా అని దీదీ గోల. నేను మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించేవాణ్ణి. ఎక్కించిన ప్రతిసారీ ఆ పాస్‌వర్డ్ కావాలి. అది బొడోబాబుగారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

ఆయనది మా శ్రీకాకుళం వైపే, పుట్టి పెరిగింది కలకత్తా పక్కనున్న లిలువాలో. మనవాడే కదా అని ధైర్యంగా వెళ్లాను.

"బొడోబాబుగారూ, ఆ పాస్‌వర్డ్ ఏమిటో చెబుతారా?"

"సెప్పను."

"పోనీ, మీరే వచ్చి నొక్కుతారా?"

"నొక్కుతాను. అర్జీ రాయి. ఏ మిషను, ఎవులు కూకున్నారు, ఏటని ఒచ్చింది, అచ్చరం పోకండా రాయి."

"ప్రతిసారీనా?"

"ఏటి, సెయ్యి అరిగిపోతాదేటి?"

రాసిచ్చాక తీరిగ్గా వచ్చి, న్యూస్‌పేపరుతో కీబోర్డు కప్పి, దాని కింద ఒంటివేలితో నొక్కేవారు. దీదీ చూస్తుండగా! నేనేదో దొంగనైనట్టు. నేనూ మొండివాణ్ణే. అర్జీలన్నీ నా అవమానాలతో నింపాను. "అయ్యా, నిన్న తమరు పేపరు కప్పి నన్ను అనుమానించినప్పటికీ, నాలుగో కంప్యూటరులో ఈ కింది కబురు వచ్చిందని మనవి" అని మొదలుపెట్టి, ఆ కబురు పొల్లు పోకుండా దించేవాణ్ణి. శుక్రవారానికి పన్నెండయ్యాయి. పన్నెండోదానిలో, అందరినీ అడ్మినిస్ట్రేటర్లను చేసిపారేస్తే ఈ బాధే ఉండదని సలహా కూడా రాశాను. "బీరువాలో ఒక్క సీర కావాలంటే ఇంటి తాళాలన్నీ ఇచ్చెత్తామేటి?" అన్నారు.

శనివారం మధ్యాహ్నానికి ఒక్కటీ నడవలేదు. అమ్మకి ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ పదమూడో అర్జీ తీసుకెళ్లాను. ఆయన నావైపైనా చూడకుండా సొరుగులోంచి మిగతా పన్నెండూ తీసి, బల్లమీద వరసగా పరిచి, ఎర్ర పెన్సిలుతో ఒక్కోదాన్లో ఒక్కో గీత గీశారు.

"నన్ను తిట్టింది ఒగ్గేసి కింద సూడు. మిషన్లు మారాయి, మనుసులు మారారు. ఈ పేరు మారిందేటి?"

మారలేదు. పదమూడింట్లోనూ అదే ఫోల్డరు. సాఫ్ట్‌వేర్ తన సరంజామా అంతా రాసుకునే చోటు అది. అక్కడ మామూలు లాగిన్లకి చదివే అనుమతే గాని రాసే అనుమతి లేదు. ఏ లోపమూ లేనిదాన్ని వారంపాటు పీకి పీకి మళ్లీ పెట్టాను.

"ఆ ఒక్క ఫోల్డరుకి అందరికీ రాసే అనుమతి ఇస్తే సరి!" అన్నాను.

"మరి ఇయ్యి. నానెరిగింది కాయితాలు సదవడమే."

పేపరు కప్పి పాస్‌వర్డ్ నొక్కారు. (అప్పుడు కూడా!) అనుమతి పెట్టాను. దీదీ తన పేరుతో తెరిచి "ఖులేఛే!" అని కేకేసింది. సాయంత్రం టీ వేళకి ఏడూ తెరుచుకున్నాయి. ఆ రోజు నాకూ టీ వచ్చింది.

ఆ అర్జీల కట్ట మేనేజరు ముందు పెట్టి, "పదమూడుసార్లు ఓడిపోయాడు, ఒక్కసారీ దాచలేదు. ఇతన్ని వదులుకోకండి" అన్నారట బొడోబాబుగారు. అదీ దీదీ చెబితే తెలిసింది. నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ సంగతీ పుస్తకంలో ఎక్కించాను.

ఏళ్ల తర్వాత, తాను రిటైరైన రోజున ఆయన ఆ పదమూడు అర్జీలూ నా చేతిలో పెట్టారు. పాస్‌వర్డ్ ఉన్న కవరు మాత్రం చేతిలోనే పట్టుకుని "అర్జీ?" అన్నారు. అక్కడే నిలబడి రాశాను. తమరు నేర్పినదానికి కృతజ్ఞుణ్ణి అని ఒకే వాక్యం. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకి తోసి, "ఇదేటి, తిట్టు ఏదీ? ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు.

ఇప్పుడు పాస్‌వర్డ్ నొక్కేది నేనే. మా ఆఫీసుకి పేపరు రావడం మానేసింది, అరచెయ్యి అడ్డం పెడుతున్నాను. అవతలివాళ్ల ముఖాలు చూస్తుంటే వాళ్లూ ఎక్కడో రాసిపెట్టుకుంటున్నారనే అనిపిస్తుంది. అప్పుడప్పుడు ఆ పదమూడూ తీసి చదువుకుంటాను. ఆ కుర్రాడి కోపం చూస్తే ముద్దొస్తుంది. పద్నాలుగోది మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. అదొక్కటీ నేనెక్కడా రాసిపెట్టుకోలేదు.