కామాక్షమ్మ గారి మూడో ప్రకరణం

నిన్న పత్రిక చూద్దామని గ్రంథాలయానికి వెళితే, పరీక్షల పుస్తకం మీద తల వాల్చిన ఒక కుర్రాణ్ణి లేపడానికి కాపలాదారు బల్ల మీద కర్రతో టకటకా కొట్టాడు. కుర్రాడు ఉలిక్కిపడి లేచి, మూతి తుడుచుకుని, చదువుతున్నట్టు నటించాడు. నాకు ఒళ్ళు మండింది. "ఎందుకయ్యా లేపడం? గురకేమైనా పెట్టాడా?" అన్నాను. "రూల్సమ్మా" అన్నాడతను. ఈ వయసులో తగువులెందుకని ఇంటికొచ్చేశాను గాని ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. బిట్రగుంటలో మా శాఖా గ్రంథాలయం కామాక్షమ్మ గారి చేతిలో ఉన్నన్నాళ్ళూ అలా బల్ల కొట్టే సాహసం ఎవరూ చేయలేదు.

అరవైల మొదట్లో మాట, బొగ్గు ఇంజన్ల కాలం. మా నాన్న సుబ్బయ్య ఫైర్‌మన్. రాత్రంతా ఇంజన్ పొయ్యిలోకి బొగ్గు ఎగదోసి, తెల్లారి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని దిగేవాడు. మాకున్నది ఒక గది, ముందొక వసారా. అందులోనే మంచం పట్టిన నాయనమ్మ మూలుగు, చంటివాడి ఏడుపు, పిల్లల గోల. ఇక నిద్రెక్కడ? రైల్వే కాలనీలో సగం ఇళ్ళు అంతే. అందుకే డ్యూటీ దిగినవాళ్ళు స్నానం చేసి, ఇంత చద్దన్నం తిని, నేరుగా గ్రంథాలయానికి నడిచేవారు. అది మందపాటి గోడల పాత మిద్దె, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. పత్రికలో ఒక కాగితం తీసుకుని, రెండు వార్తలు చదివి, దాన్నే మొహం మీద కప్పుకునేవారు.

కామాక్షమ్మ గారు నడివయసు మనిషి. ఎప్పుడు చూసినా అలసిపోయినట్టే ఉండేవారు. వాళ్ళమ్మకు మతి తప్పింది. రాత్రుళ్ళు ఆవిడ వీధిలోకి వెళ్ళిపోకుండా కాపు కాయాలి. నిద్ర లేకపోతే మనిషి ఏమవుతాడో కామాక్షమ్మ గారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎస్సెస్సెల్సీ పాసై, ఏం చేయాలో తోచక నేను రోజూ అక్కడే కూర్చునేదాన్ని. ఇంజన్లవాళ్ళను డ్యూటీకి పిలిచే కాల్‌మ్యాన్ మస్తాన్ కూడా, ఇళ్ళకు పోకుండా ముందు అక్కడికే వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కావలసిన మనిషి భుజం మీద మెల్లగా తట్టేవాడు. "ఈ కాలనీలో మేలుకోనుండేది నేనొక్కణ్ణే పాపా" అనేవాడు నాతో.

పత్రిక చేతికందని ఒక పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు. జిల్లా నుంచి తనిఖీ అధికారి దిగాడు. "ఇది గ్రంథాలయమా, సత్రమా? ఇంకోసారి ఇలా కనిపిస్తే శాఖ ఎత్తేసి వేరే ఊరికి ఇస్తాం" అన్నాడు. కామాక్షమ్మ గారు ఆ సాయంత్రమే 'ఇక్కడ నిద్రించరాదు' అని అట్ట మీద రాసి గోడకు తగిలించారు. మర్నాడు నాన్నావాళ్ళు దాన్ని చదివి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

కొద్ది రోజులకే, నడుస్తున్న ఇంజన్‌లో నాన్న నిలబడే కునికి, మండుతున్న పొయ్యి తలుపు మీదికి తూలాడు. చెయ్యి మోచేతి దాకా కాలింది. డ్రైవర్ రెక్క పట్టి లాగకపోతే పట్టాల మీద పడేవాడే. సంగతి తెలిసి కామాక్షమ్మ గారు మా ఇంటికి వచ్చి వసారాలోనే నిలబడిపోయారు.

"శాఖ పోతే మీకు ఆ నీడ కూడా ఉండదని భయపడినాను సుబ్బయ్యా" అన్నారు.

"మీరేం చేస్తారమ్మా. రూలు రూలే. నా కన్నే నా మాట వినలే" అన్నాడు నాన్న.

మర్నాడు ఆ అట్ట కింద ఇంకొకటి వెలిసింది: 'ప్రతి ఉదయం పుస్తక పఠనం. కళ్ళు మూసుకుని వినవచ్చు.' ఆవిడ అట్టలూడిన ఒక నవల తీసి పైకి చదవడం మొదలుపెట్టారు. మొదట్లో పథకం బెడిసికొట్టింది. కథ బాగుండడంతో ఒక్కడూ పడుకోలేదు! "ఆ తర్వాతమ్మా?" అని ముందుకు జరిగి కూర్చున్నారు. ఆవిడ తల పట్టుకున్నారు. మూడో ప్రకరణానికి వచ్చేసరికి దారి దొరికింది. అందులో పడవ ఒకటి కాలువ లాకు తలుపుల దగ్గర ఆగి, నీళ్ళ కోసం ఎదురుచూస్తుంది. అంతే, ఇంకేమీ జరగదు. అందరూ హాయిగా నిద్రపోయారు. ఇక అక్కణ్ణుంచి రోజూ అదే ప్రకరణం.

ఆవిడ గొంతు బొంగురుపోతుంటే చూడలేక నేను చదువుతానన్నాను. "నీ గొంతులో హుషారుండాది పాపా, లేచిపోతారు" అన్నారు. హుషారు దాచుకుని చదవడం నాకు నేర్పడానికి ఆవిడకు చాలా రోజులు పట్టింది. పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి, కొత్త పుస్తకం తెరిచే తీరిక లేకుండా ఏళ్ళ తరబడి ఆ పడవ దగ్గరే ఉండిపోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

తనిఖీ అధికారి మళ్ళీ వచ్చాడు. ఆవిడ చదువుతున్నారు, గదిలో అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి.

"వీళ్ళు వింటున్నారా?" అన్నాడు.

"వింటున్నారండీ."

అతను నాన్న దగ్గరికి వెళ్ళి, "ఏమయ్యా, కథ ఎందాకా వచ్చింది?" అన్నాడు.

నాన్న కళ్ళు తెరవకుండానే, "పడవ లాకు కాడ ఉండాది సార్. నీళ్ళింకా రాలే" అన్నాడు.

"పడవలో బిడ్డకి దాహమైతాది. పడవాయన కడవ దించుతాడు" అని గుమ్మంలోంచి మస్తాన్ అందించాడు.

అధికారి ఆవిడ చేతిలోని పుస్తకం తీసుకుని చూశాడు. మూడో ప్రకరణం పేజీలు మాత్రమే వేళ్ళ మురికితో నల్లబడి ఉన్నాయి. అతనికి అంతా అర్థమైంది. పుస్తకం తిరిగిచ్చి, "గొంతు జాగ్రత్తమ్మా" అని వెళ్ళిపోయాడు. శాఖ నిలిచింది.

కొన్నేళ్ళకు ఆవిడకు నాయుడుపేటకు బదిలీ అయింది. అప్పటికి వాళ్ళమ్మ పోయారు. ఆవిడ ఎక్కిన ప్యాసింజరుకు నాన్న ఎవరినో బతిమాలి డ్యూటీ వేయించుకున్నాడు. బండి కదలబోయే ముందు ఆడవాళ్ళ పెట్టె కిటికీ దగ్గరికి వచ్చి, "పడుకోండమ్మా. నాయుడుపేటలో నేనొచ్చి లేపుతా" అన్నాడు.

"నాకు నిద్రెక్కడిది సుబ్బయ్యా" అన్నారావిడ. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాట అదే.

తర్వాతిది నాన్న ఇంటికొచ్చాక చెప్పాడు. నాయుడుపేటలో దిగి పరుగున వెళితే, ఆవిడ కిటికీకి తల ఆనించి, నోరు కాస్త తెరిచి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారట. "చెయ్యి చాపినానే గాని, తట్టలేకపోయినాను. గార్డు జెండా పట్టుకోని నా వంకే చూస్తా ఉండాడు. ఎట్టా లేపేది పాపా? లేపక తప్పలే" అంటూ నాన్న ఏడ్చాడు. నాన్న ఏడవగా నేను చూసింది అదొక్కసారే. ఆ తర్వాత నా పిల్లల్ని బడికి లేపవలసి వచ్చినా, ఆస్పత్రిలో మావారిని మందుకు లేపవలసి వచ్చినా, చాపిన నా చెయ్యి కాసేపు గాల్లోనే ఆగిపోయేది.