మాస్కు జారిన రాత్రులు

పొద్దున లేస్తే కాఫీ కంటే ముందు ఫోను చూసేదాన్ని. మా ఆయన రాత్రి ఎలా నిద్రపోయాడో అందులో వస్తుంది. ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. గురక పెడుతూ పెడుతూ ఠక్కున ఆగి, కాసేపటికి ఉలిక్కిపడి మళ్ళీ గాలి పీల్చుకునేవాడు. పగలంతా కునికిపాట్లు. కిందటేడు సత్తెనపల్లి నుంచి వస్తూ బండి మీదే నిద్రపోయి కాలవలో పడ్డాడు. కాలవ ఎండిపోయి ఉంది కాబట్టి బతికాడు. గుంటూరులో డాక్టరు గారు ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే మిషను రాసిచ్చారు. గుండె ఇప్పటికే అలిసిపోయిందని, ఊపిరి ఇలాగే ఆగుతుంటే ఎంతోకాలం మోయలేదని నాతో విడిగా చెప్పారు. ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు.

మిషను ఫోనుకు పంపే లెక్కల్లో నేను చూసేది ఒకే ఒక్క అంకె: గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో. కొన్నిరోజులు మూడో నాలుగో ఉండేది. కొన్నిరోజులు ముప్ఫై దాటేది. ముప్ఫై చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. మాస్కు తీసి పక్కన పడేస్తున్నాడని నా అనుమానం. గురక తగ్గిన ఇంట్లో నేనేమో ఏళ్ళ తరబడి బాకీపడ్డ మొద్దునిద్ర పోతున్నాను, కనిపెట్టేదెలా? తియ్యలేదే అంటాడు. నేను నమ్మితేగా! ఒకరోజు పక్కింటావిడ ముందే అనేశాను: "చావాలనుంటే చెప్పండి, మిషను ఇంకెవరికైనా ఇచ్చేద్దాం." ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు.

నెల తిరిగాక గుంటూరు వెళ్ళాం. అక్కడ మిషన్ల సంగతి చూసే ఆవిడ మా రాత్రులన్నీ కంప్యూటరులో గీతలుగా పరిచింది. మొగుడి మీద ఫిర్యాదు నా నాలుక చివర్నే ఉంది. ఆవిడ చెప్పనివ్వలేదు.

"ఒక్క రాత్రి కూడా ఆయన మాస్కు తియ్యలేదమ్మా. ఏడేసి గంటలు పెట్టుకునే ఉన్నారు," అంది.

కింద ఇంకో గీత చూపించింది. మాస్కు అంచుల్లోంచి గాలి ఎంత కారిపోతోందో అది చెబుతుందట. ఊపిరి ఎక్కువగా ఆగిన రాత్రుల్లోనే ఆ గీత పైకి లేచి ఉంది. గాలి బయటికి పోతే గొంతు తెరిచి ఉంచే బలం చాలదట. నా ఫోనులోనూ ఉన్న ఆ గీతను నెలరోజుల్లో నేను ఒక్కసారీ చూడలేదు.

ఏయే రాత్రులో తేదీలు చదవమన్నాను. మొదటివి కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన రోజులు. తర్వాతవి రంగు పోయిన తాలుకాయలు ఏరిన రోజులు. కూలీలకు వండిపెట్టింది నేనే కాబట్టి మర్చిపోలేదు. ఘాటు ముక్కుకు పడటం లేదేమో అన్నాను. ఆవిడ మా సంచిలోంచి మాస్కు తీయించి, దాని మెత్తటి అంచు మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించింది. జిడ్డు.

ఆ జిడ్డుకే మాస్కు జారుతోందట. మా వైపు మిరపకాయల్లో పనిచేసి వస్తే, స్నానం చేసినా మొహమూ చేతులూ మండుతూనే ఉంటాయి. కొబ్బరినూనె రాస్తే చల్లబడతాయి. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయనకు ఆ నూనె రాసేది నేనే. రాత్రి అన్నం తిన్నాక కూర్చోబెట్టి బుగ్గలకు, ముక్కు పక్కల, గడ్డం కింద రాస్తాను. ఆ మొహం మీదే మాస్కు పెట్టుకుని పడుకునేవాడు. ముప్ఫై తెచ్చింది నా చెయ్యే. నలుగురిలో తిట్టిందీ నేనే. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, నాకు పోయినట్టు లేదు.

తిరుగు బస్సులో పేరేచర్ల దాటాక, మాస్కు జారుతోందని మీకు తెలీదా అని అడిగాను.

"తెలుసు."

"మరి నూనె వద్దని చెప్పొచ్చుగా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "రోజంతా తిడతానే ఉంటావు. ఆ కాసేపే గదే, నువ్వు తిట్టకుండా నా దగ్గర కూర్చునేది."

బస్సులో అందరి ముందూ ఏడ్చాను. గుండె సంగతి కూడా అప్పుడే చెప్పాను.

ఇప్పుడు రాత్రిపూట సబ్బుతో మొహం కడిగిస్తాను. నూనె పొద్దున్నే, కళ్ళంలోకి వెళ్ళేముందు రాయడం మొదలుపెట్టాను. అంకె నాలుగు దాటడం లేదు. మిరపకాయలు అమ్మకానికి గుంటూరు యార్డుకు చేరి, కళ్ళం ఖాళీ అయి నెలయింది. అయినా పొద్దున్నే ఆయన మొహం చాపి కూర్చుంటాడు. నేను ఫోను పక్కన పెట్టి నూనె సీసా తెస్తాను.