మావయ్య చప్పట

లోకంలో జనం పాటకి చప్పట్లు కొడతారు, ఆటకి కొడతారు, ఉపన్యాసం ఎట్టకేలకి అయిపోయిందన్న సంతోషంలోనూ కొడతారు. మావయ్య మాత్రం గోడలకి కొడతాడు. ఏ పాత చర్చిలో అడుగుపెట్టినా సరే, నట్టనడుమ నిలబడి, కళ్లు మూసుకుని, ఫట్టుమని ఒక్కటంటే ఒక్క చప్పట కొట్టి చెవి రిక్కిస్తాడు. అది ఇప్పుడు చర్చా, కొట్టా, హోటలా అన్న పట్టింపు ఆయనకి లేదు. ఆ సిగ్గంతా పక్కన నిలబడ్డ కోడలే పడాలి.

మావయ్యది మైకులు అద్దెకిచ్చే దుకాణం. మోకాళ్లు మొరాయించాక దాన్ని కొడుక్కి అప్పగించి ఊరి మీద పడ్డాడు. ఎక్కడ పడిపోతాడో అని ఇంట్లోవాళ్లు కోడల్ని కాపలా వేశారు. ఆవిడ డ్రాయింగు టీచరు, బడికి సెలవులు. ఇంకేం, దొరికిపోయింది.

ఇంతకీ ఇంట్లో అసలు గొడవ వేరే ఉంది. మావయ్య అక్క, అంటే కోడలికి పెద్దత్తయ్య, కీర్తనలు పాడే బృందానికి పెద్ద. ఒకప్పుడు నలభైమంది పాడేవాళ్లు, ఇప్పుడు మిగిలింది ఆరుగురు ముసలమ్మలు. వాళ్ల చర్చిని మొన్న ఫ్లాట్లు కట్టేవాళ్లు కొనేశారు. బృందానికి టైర్ల కొట్టు మీద ఓ గది చూపించారు. అట్టల సీలింగు, నేలంతా తివాచీ. అక్కడ పాడితే పాట నోట్లోంచి వచ్చి ఒళ్లో పడుతోంది.

"నా గొంతు పోయిందిరా. ఈ నెలాఖరుతో సరి, బృందం ఎత్తేస్తున్నా" అంది పెద్దత్తయ్య, ముక్కు చీదుకుంటూ.

"మైకు పెట్టిస్తా అక్కా."

"నా పాట డబ్బాలోంచి రావడమా? చచ్చినా పాడను!"

ఊరందరికీ మైకులిచ్చిన మనిషి సొంత అక్కకి ఒక్కటి అంటగట్టలేకపోయాడు. "సరే, నీ ఇష్టం" అనేసి చెప్పులేసుకున్నాడు. కోడలికి ఒళ్లు మండింది. అక్క ఏడుస్తుంటే ఈయనకి షికార్లా!

మొదట బట్టల షాపుకి వెళ్లారు. అదీ ఒకప్పటి చర్చే. పాపాలు చెప్పుకునే చెక్కగదులకి అద్దాలు బిగించి, బట్టలు వేసి చూసుకునే గదులు చేశారు. "అప్పట్లో జనం ఇందులోంచి తేలికపడి బయటికొచ్చేవాళ్లమ్మాయ్. ఇప్పుడు నడుం పట్టలేదని ఏడుస్తూ వస్తున్నారు" అన్నాడు మావయ్య. అని, ఫట్!

అమ్మే పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఏం సైజు కావాలి సార్?"

"సైజు బాగానే ఉందమ్మా. ఈ బట్టలే చప్పుడంతా మింగేస్తున్నాయి."

కోడలు ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. హోటలైన చర్చిలో ఇంకా ఘోరం. చప్పట వినగానే వెయిటరు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

"ఇక్కడ చప్పట్లు కొట్టి పిలవకూడదు సార్."

"నిన్నెవరు పిలిచారయ్యా? పైకప్పుని పిలిచాను. పలకలేదు."

ఆ రోజు కోడలు తలెత్తలేదు. కానీ మర్నాడు జిమ్ములోకి వెళ్లినప్పుడు తలెత్తక తప్పలేదు. బలిపీఠం ఉండే చోట పరుగు మిషన్లు పెట్టారు, వెనకాల రంగుటద్దాల కిటికీ మాత్రం అలాగే ఉంది. పరిగెడుతున్న బట్టతలాయన నెత్తి ఓ క్షణం ఎర్రగా, ఓ క్షణం నీలంగా మెరుస్తోంది. ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. ఇంతలో ఫట్! కోచ్ ఏదో కొత్త వ్యాయామం మొదలెట్టాడనుకుని జిమ్ము జిమ్మంతా చప్పట్లు కొట్టింది. మావయ్య విసుక్కున్నాడు. "వీళ్ల గోలలో నాకేం వినపడుతుంది!"

అక్కణ్ణించి కోడలికే తెలుసుకోవాలన్న దురద పుట్టింది. "ఈ మెట్లు ఎక్కడికెళ్లేవి మావయ్యా? ఈ తలుపెందుకు మూసేశారు?" అని ఆవిడే ముందు నడిచింది. సిగ్గు సంగతి ఎప్పుడో మరిచిపోయింది.

ఆఖరికి ఈతకొలను దగ్గరికి వచ్చారు. నిజమే, చర్చిలోనే! పాత స్తంభాలు, ఎత్తైన కమాను కప్పు అలాగే ఉంచి, నడుమంతా తవ్వి నీళ్లు నింపారు. "అప్పుడు చర్చిలో బాప్తిస్మపు తొట్టి ఉండేది, ఇప్పుడు చర్చంతా తొట్టే" అంటూ మావయ్య గట్టు మీద నిలబడి కొట్టాడు.

ఆ చప్పుడు పైకి వెళ్లింది, కమానులన్నీ తిరిగింది, నీళ్ల మీద జారింది, తీరిగ్గా వెనక్కి వచ్చింది. మావయ్య కళ్లు తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"అమ్మాయ్, మీ పెద్దత్తయ్యని తీసుకురా."

కోడలు నోరెళ్లబెట్టింది. "ఇన్నాళ్లూ దీనికోసమా?"

"మరి దేనికనుకున్నావ్? దాని గొంతు పోలేదే పిచ్చిపిల్లా, కప్పు పోయింది. ముందే చెబితే వద్దంటుంది మొండిది. దొరికాక చెబుదామనుకున్నా."

కొలను మేనేజరమ్మ ముందు వీల్లేదంది. మావయ్య బతిమాలగా బతిమాలగా ఆదివారం పొద్దున ఓ గంట ఇచ్చింది, ఒక్క షరతు మీద. టోపీ లేనిదే ఎవరూ గట్టెక్కకూడదు.

ఆదివారం ఆరుగురు ముసలమ్మలూ మంచి బట్టలు కట్టుకుని, నెత్తిన రంగురంగుల రబ్బరు టోపీలు బిగించుకుని, ఉత్తికాళ్లతో వరసగా నిలబడ్డారు. "ఈ వేషమేంట్రా నాకు!" అని పెద్దత్తయ్య తిడుతూనే ఉంది. తిట్టి తిట్టి ఎత్తుకుంది. ఆరు గొంతులూ పైకి వెళ్లి నలభై అయి దిగాయి. ఈదుతున్నవాళ్లు గట్టు పట్టుకుని ఆగిపోయారు. రెండో చరణంలో పెద్దత్తయ్య వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరు పాడుతున్నారా అని. ఎవరూ లేరు. మళ్లీ తిరిగి ఇంకా గట్టిగా అందుకుంది.

కీర్తన అయింది. నీళ్లలోవాళ్లు చేతులెత్తబోయారు. మావయ్య గుడ్లురిమి ఆపాడు.

పెద్దత్తయ్య మొహం చిన్నబోయింది. "ఏరా, గోడలకీ గుమ్మాలకీ కొడతావు, నాకు కొట్టవేం?"

మావయ్య పెదాల మీద వేలు పెట్టుకుని కప్పు వైపు చూపించాడు.

"ఉష్! ఉండవే అక్కా. నువ్వింకా పాడుతున్నావు."